ముట్టుకుంటే పలికే త్రీడీ మోడల్ + ఏఆర్: ఎవరైనా చేశారా?

గోదారిగట్టు: మా బస్టాండు కూడలి విస్తరణకి 1:500 మోడల్ ప్రింట్ చేస్తున్నా. బిల్డింగ్ మీద వేలు పెడితే ట్యాబ్‌లో దాని ఎత్తు, నీడ ఏఆర్‌లో (కెమెరాలో కనిపించే మోడల్ మీదే గీసినట్టు) కనిపించాలి. టచ్ కోసం కండక్టివ్ పీఎల్ఏనా (కరెంటు పారే ప్రింటింగ్ ప్లాస్టిక్), రాగి టేపా? బిల్డింగులు 40, ఎంపీఆర్121 అనే టచ్ సెన్సర్ చిప్‌కి చానెళ్లు 12. ట్రాకింగ్ (మోడల్ ఎక్కడుందో కెమెరా పట్టుకోవడం) కూడా ఊగిపోతోంది.

నట్టుబోల్టు: కండక్టివ్ పీఎల్ఏ జోలికి పోకు. కార్బన్ కలిపింది, ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ అరిగిపోతుంది.

రాగితీగ: అరగదీసేది కార్బన్ ఫైబర్ అండీ. ఇందులో ఉండేది కార్బన్ బ్లాక్, మెత్తటి మసి.

నట్టుబోల్టు: ఊళ్లో సగం ప్రింటర్లు బాగుచేసింది నేను. నాకు చెప్పొచ్చావు!

రాగితీగ: బాగుచేశారేమో, ప్యాకెట్ మీద రాసింది మాత్రం చదవలేదు. టచ్‌కి కరెంటు పారక్కర్లేదు, వేలు తగిలితే కెపాసిటెన్స్ (చార్జ్ పట్టి ఉంచే సామర్థ్యం) మారితే చాలు. రెసిస్టెన్స్ వేల ఓమ్‌లున్నా పనిచేస్తుంది.

నట్టుబోల్టు: సరే, నువ్వే ఇంజనీరువి. రాగి టేపు ఊడొచ్చాక ఇక్కడికి రావద్దు.

రాగితీగ: టేపు వాడమని నేనెక్కడన్నాను?

నక్షాబాబు: నాజిళ్ల గోల ఆపండి. టౌన్ ప్లానింగ్‌లో పనిచేస్తా కాబట్టి చెబుతున్నా. వేలి మొన సెంటీమీటరు, 1:500లో అది 5 మీటర్లు. బజారులో పదడుగుల కొట్లు. ఒకటి ముట్టుకుంటే పక్కదీ పలుకుతుంది. కొట్టు కొట్టుకీ సెన్సర్ వద్దు, వరసకొకటి పెట్టండి. అయినా ట్యాబ్ దేనికి? ఒక చెయ్యి దానికే పోతుంది. 2016లో హాంబర్గ్‌లో శరణార్థుల వసతికి స్థలాలు వెతకడానికి పౌరులను సిటీస్కోప్ అనే నగర నమూనా టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి లెగో ఇటుకలు పెట్టించారు. జనం టేబుల్ చుట్టూ మాట్లాడుకున్నారు.

చార్మినార్‌చాయ్: మన మీటింగుల్లో లెగో పెడితే సాయంత్రానికి సగం ఇటుకలు పిల్లల జేబుల్లో ఉంటాయి.

నక్షాబాబు: వెటకారం తగ్గించండి. జనం అడిగేది ఒక్కటే, 'మా ఇల్లు పోతుందా?' అని. దానికి మీ ఏఆర్ జవాబు చెబుతుందా?

పిక్సెల్‌రాణి: ట్రాకింగ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఉత్త తెల్ల మోడల్ మీద కెమెరాకి పట్టు దొరకదు. బేస్ అంచున నాలుగు మూలలా మార్కర్లు (కెమెరా పోల్చుకునే ముద్రలు) అంటించండి. ఒక్కటే ఉంటే, చూపించేవాడి చెయ్యి అడ్డొచ్చిందంటే నీడలన్నీ గాల్లోకి లేస్తాయి.

గోదారిగట్టు: థాంక్స్. మరి 40కి చానెళ్లు?

రాగితీగ: ఒకే బస్సు మీద నాలుగు ఎంపీఆర్121లు, నాలుగు అడ్రస్‌లు. మొత్తం 48.

చార్మినార్‌చాయ్: ఏ డిపో బస్సు?

రాగితీగ: ఐ2సీ బస్సు బాబూ, చిప్‌లన్నీ కలిసి వాడుకునే వైర్లు. గోదారిగట్టు గారూ, సెన్సర్లు మోడల్ కిందే ఉంచండి. వైరు పొడుగైతే ముట్టకపోయినా పలుకుతుంది. పవర్ ఇచ్చేటప్పుడు ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి, బేస్‌లైన్ (ముట్టనప్పటి కొలత) అప్పుడే తీసుకుంటుంది.