అప్‌డేట్: దర్రీల డిజైన్లకు ఆబ్జెక్ట్ డేటాబేస్, లెక్కలకు టేబుళ్లు

వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత సంఘం దర్రీల (నేత తివాచీల) డిజైన్లను భద్రపరచడానికి ఆబ్జెక్ట్ డేటాబేస్ (ప్రోగ్రాములోని వస్తువులను అదే రూపంలో దాచేది) మేలా, అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఉండే మామూలు టేబుళ్లు మేలా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు.

డిజైన్ల వరకు జెడ్ఓడీబీ (పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు ఉన్న ఆబ్జెక్ట్ డేటాబేస్) తీసుకున్నాను. దర్రీకి అంచు, అంచులో పువ్వు, పువ్వుకు రంగుల నూలు, ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. టేబుళ్లలో అయితే ఒక్క డిజైన్ తెరవడానికి ఎన్నో జాయిన్లు (వేర్వేరు టేబుళ్లను కలిపే ఆదేశాలు) రాయాలి. జెడ్ఓడీబీలో పైథాన్ ఆబ్జెక్టు ఉన్నది ఉన్నట్టుగా డిస్కుకు చేరుతుంది, అంచు నుంచి పువ్వుకు నేరుగా వెళ్లవచ్చు. ట్రాన్సాక్షన్ల రక్షణ (మార్పులన్నీ కలిసి సేవ్ కావడం, లేదా ఏదీ కాకపోవడం) కూడా ఉంది. ఇది నాకు ఎంతగానో నచ్చింది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆబ్జెక్టు లోపల మామూలు పైథాన్ లిస్టు పెట్టి, అందులో ఒక రంగు చేర్చి కమిట్ చేస్తే (సేవ్ చేయమంటే) ఆ మార్పును జెడ్ఓడీబీ గుర్తించదు. దాని బదులు జెడ్ఓడీబీ కోసమే ఉన్న పెర్సిస్టెంట్‌లిస్ట్ అనే లిస్టు వాడితే సేవ్ అవుతుంది. క్లాసు పేరు మార్చినా పాత రికార్డులు తెరుచుకోవు, పాత పేరుకు దారి చూపించాలి.

బిల్లులు, నూలు నిల్వలు టేబుళ్ల డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంచాను. 'నీలం నూలు ఈ నెల ఎంత ఖర్చయింది?' అన్న ప్రశ్నకు టేబుళ్లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో ఒక వాక్యం చాలు. జెడ్ఓడీబీలో అయితే వెతకడానికి కావలసిన సూచికలు (ఇండెక్సులు) మనమే కట్టుకోవాలి. ఆబ్జెక్ట్ డేటాబేసుల కోసం ఓడీఎంజీ 3.0 అనే ఉమ్మడి ప్రమాణం 2000లో వచ్చినా, అది ఎస్‌క్యూఎల్ వ్యాపించినంతగా వ్యాపించలేదు. అందుకే, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాల్సి వచ్చినా పనికొచ్చేలా, డిజైన్లన్నిటినీ జేసన్ (ఏ ప్రోగ్రామైనా చదవగల సాదా టెక్స్ట్ రూపం) ఫైళ్లుగా కూడా ఎగుమతి చేసి పెడుతున్నాను.