అప్‌డేట్: కోర్ఫూలో ఆలివ్ తోట చూసొచ్చాం

క్రూయిజ్ గ్రీస్ దీవి కోర్ఫూలో ఆగే కొద్ది గంటల్లో ఆలివ్ తోట చూసి రాగలమా అని అడిగాను కదా, హాయిగా వెళ్లి రావచ్చు. రానూపోనూ టాక్సీ మాట్లాడుకున్నాం, ఓడ టైమ్ టెన్షన్ లేకుండా పోయింది.

ఇక్కడి లియానోలియా రకం ఆలివ్ చెట్లు బాగా ఎత్తు. అందుకే కింద వలలు పరిచి, రాలిన కాయల్ని పోగుచేయడం పాత పద్ధతి. 1797 దాకా ఈ దీవిని ఏలిన వెనీషియన్లు (ఇటలీలోని వెనిస్ వాళ్లు) డబ్బు ఆశ చూపి మరీ ఈ చెట్లు నాటించారు. రాతి గానుగ కూడా చూపించారు. వేసవి, కాయల కాలం కాదు కాబట్టి మిల్లు ఆడటం లేదు.

రొట్టె ముంచుకుని తింటే నూనె గొంతులో కారంగా తగిలింది. ఆలివ్ నూనెలో సహజంగా ఉండే ఒలియోకాంథాల్ అనే పదార్థం వల్ల అట, మంచి నూనె లక్షణమే. నాన్న మాత్రం ఆవకాయకి పనికిరాదని తేల్చేశారు!

కొనేవాళ్లు సీసా కాకుండా టిన్ను తీసుకోండి. పగలదు, వెలుతురు కూడా తగలదు.