హెల్ప్ పేజీల్లో తెలుగు చెడితే ముందు చూడాల్సింది ఫాంటునా, ఎన్‌కోడింగ్‌నా?

వట్రసుడి: ఒకే మూలం నుంచి ఇంగ్లీషు, హిందీ, తెలుగు హెల్ప్ తయారవుతోంది. విండోస్ సీహెచ్ఎం (హెల్ప్ పేజీలన్నీ ఒకటిగా కట్టిన ఫైలు)లో ఎడమవైపు విషయసూచిక నిండా ప్రశ్నార్థకాలే. కుడివైపు పేజీ మాత్రం చక్కగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణింతం: ఫాంటు లేదు. నిర్మలా యూఐ వేయించండి, ఎక్స్‌పీ కాలపు మెషీన్లయితే గౌతమి. తెలుగు చెడిందంటే ముందు చూడాల్సింది అదే.

నకారపొల్లు: కాదండి. చెడిన తీరును బట్టే కారణం తెలుస్తుంది. ఖాళీ డబ్బాలు వస్తే ఫాంటు లేదు. నెత్తిన గీతతో రోమన్ 'ఎ', పక్కనే డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, తప్పింది: యూటీఎఫ్-8 పాఠాన్ని విండోస్-1252గా చదివినట్టు. ఎందుకంటే ప్రతి తెలుగు యూనికోడ్ గుర్తుకూ మూడు బైట్లు, మొదటి రెండూ ఎప్పుడూ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1. ప్రశ్నార్థకాలు పడ్డాయంటే అక్షరమే పోయింది, దాన్ని ఏ ఫాంటూ తిరిగి తేలేదు. సీహెచ్ఎం సూచిక సిస్టం కోడ్‌పేజీ మీద, అంటే యూనికోడ్‌కు ముందునాటి అక్షరాల పట్టిక మీద, ఆధారపడుతుంది. విండోస్‌లో తెలుగుకు అలాంటి ఆన్సీ కోడ్‌పేజీయే లేదు, యూనికోడ్ వాడాల్సిందే. సూచిక ఫైలును ఆన్సీలో సేవ్ చేస్తే ప్రశ్నార్థకాలు, యూటీఎఫ్-8లో చేస్తే పిచ్చిగుర్తులు. కుడివైపు పేజీని గీసేది బ్రౌజర్ ఇంజన్ కాబట్టి అది బతికింది.

గుణింతం: మరి 'క్ష' బదులు క, పొల్లు, ష విడివిడిగా వస్తే? అదీ ఫాంటు కాదంటారా?

నకారపొల్లు: ఫాంటే. కానీ లేకపోవడం కాదు. వెబ్‌ఫాంటు సైజు తగ్గించేటప్పుడు అక్షరాలను ఒత్తులుగా కలిపే జీసబ్ పట్టిక కోసేసి ఉంటారు. పీడీఎఫ్‌లో వస్తే మాత్రం ఇంజన్‌కు షేపింగ్ (ఒత్తులు, గుణింతాలు కలిపి గీయడం) రాదని అర్థం. పీడీఎఫ్‌టెక్ మానేసి జీలాటెక్ వాడండి. చదివేవాళ్ళ మెషీన్‌లో నిర్మలా వేయిస్తే ఈ రెంటిలో ఏదీ బాగుపడదు.

కొమ్ముదీర్ఘం: ఇంగ్లీషు శీర్షికలకు పెట్టిన లెటర్-స్పేసింగ్ తెలుగులో సున్నా చేయండి. లైన్-హైట్ 1.2 ఉన్న ఇరుకు డబ్బాల్లో 'స్త్రీ' కింది ఒత్తులు తెగిపోతాయి. 1.6 పెట్టండి.

గుణింతం: 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతోంది. ఇదైనా ఫాంటేనా?

నకారపొల్లు: కాదు. ట తర్వాతి పొల్లు వెంట ఉండే, తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను ఏదో టూలు చెత్త అనుకుని తుడిచేసింది. సరిచేయాల్సింది బిల్డులో, అంటే మూలం నుంచి పేజీలు తయారయ్యే చోట.

గుణింతం: అన్నిటికీ బిల్డు, బిల్డు! అది ఆపితే ఇంగ్లీషు పేజీలూ ఆగుతాయి. తెలుగు చదివేవాళ్ళ కోసం అందరినీ ఆపమంటారా? ఫాంటు వేసుకోమని పేజీ పైన నోటు పెడితే ఆ పూటకు పని జరుగుతుంది.

నకారపొల్లు: ఆ నోటు ఏ భాషలో పెడతారు? తెలుగులో పెడితే అదీ డబ్బాలుగానే కనిపిస్తుంది. ఇంగ్లీషు చదవగలిగితే తెలుగు పేజీ తెరిచేవారే కాదు. అందరినీ ఆపమనలేదు, తెలుగు పేజీలను ఆపమంటున్నాను. వరుసగా మూడు ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఆపండి. మూలంలో ఎన్ని నాన్ జాయినర్లున్నాయో బిల్డు తర్వాతా అన్నే లేకపోతే ఆపండి. 'స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్' అన్న వరుసను తెలుగు చదవగలిగిన మనిషి కళ్ళతో చూశాకే వదలండి.

గుణింతం: అసలు లేకపోవడం కన్నా విరిగిన పేజీ నయం. సగమైనా అర్థమవుతుంది.

నకారపొల్లు: 'ఈ బటన్ నొక్కకండి' అన్న వాక్యంలో చివరి మాట విరిగితే? సగం అర్థమైతే నొక్కేస్తారు. డేటా పోతుంది. మీరు పేజీల లెక్క చూస్తున్నారు, నేను చదివే మనిషిని చూస్తున్నాను. మన తగాదా ఫాంటు గురించి కానే కాదు.

గుణింతం: హెచ్చరికలున్న పేజీలు ఆపండి, ఒప్పుకుంటా. మిగతావి ఆపమంటే ఒప్పుకోను.

వట్రసుడి: సూచిక మూలం ఫైలులో తెలుగు భద్రంగానే ఉంది, ఆన్సీలోకి మార్చే మెట్టులో పోతోంది. సీహెచ్ఎం వదిలేసి హెచ్‌టీఎంఎల్ ఫోల్డరు ఇస్తున్నాం. అందులో కొన్ని పేజీలు పిచ్చిగుర్తులు చూపించాయి. డిస్కు నుంచి తెరిస్తే ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే సర్వర్ హెడర్ ఉండదు కాబట్టి, ఆ మాట చెప్పే మెటా చార్‌సెట్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. టెంప్లేటులో దానికి ముందు పొడవాటి లైసెన్సు కామెంటు ఉంది. ఆ కామెంటును కిందికి దించాక తెలుగు వచ్చింది.