నెసెసరిలీలో స్ట్రెస్ ఏ సిలబుల్ మీద?

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇంగ్లీష్‌లో సిలబుల్స్ విడగొట్టి స్ట్రెస్ గుర్తు పెట్టడం ప్రాక్టీస్ చేస్తుంటే నెసెసరిలీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. నె-సె-స-రి-లీ అని బల్ల మీద తడుతూ లెక్కపెడితే ఐదు వచ్చాయి, అది సరే. నెసెసరీకి స్ట్రెస్ మొదటి సిలబుల్ మీదే. ఫార్చునేట్‌కి 'లీ' చేర్చినా స్ట్రెస్ కదలదు కదా, ఇదీ అంతే అనుకున్నాం. తీరా డిక్షనరీ ఆడియో వింటే మూడోదాన్ని గట్టిగా పలికారు! బ్రిటిష్ వాళ్లు కొందరు మొదటిదే నొక్కుతారట. తెలుగులో ఇలా ఒక్క అక్షరాన్ని నొక్కే పద్ధతి లేదు, అందుకే ఆ తేడా మా చెవికి త్వరగా అందడం లేదు.

పరీక్షలో ఏది రాయమంటారు? 'లీ' చేరితే ఇక్కడ మాత్రం స్ట్రెస్ ఎందుకు జరిగింది? ఇలాంటి మాటలు ఇంకా ఉంటే దయచేసి చెప్పండి, పాప చాలా టెన్షన్ పడుతోంది.