1975లో సైగాన్ పడిపోయింది అమెరికా సాయం ఆపినందుకా, థియూ ఇచ్చిన ఆర్డర్ వల్లా?

నల్లమల_రవి:
అందరికీ నమస్తే. పోయిన నెల హో చి మిన్ సిటీ, అదే పాత సైగాన్, వెళ్లొచ్చాను. అక్కడ పాత ప్రెసిడెంట్ ప్యాలెస్ చూశాను, 1975 ఏప్రిల్ 30న ట్యాంకులు గేటు గుద్దుకుని లోపలికొచ్చింది అక్కడికే. పైన అంతా కార్పెట్లు, పెద్ద పెద్ద మీటింగ్ హాళ్లు. బేస్‌మెంట్‌లోకి దిగితే వేరే లోకం, ఇరుకు గదులు, గోడల మీద మ్యాపులు, పాత రేడియో సెట్లు, ఇనప టేబుళ్లు. ఆ మ్యాపుల ముందు నిలబడ్డప్పట్నుంచీ ఒకటే ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. దక్షిణ వియత్నాం అంటే కాగితం మీద పది లక్షలకి పైగా సైన్యం ఉన్న దేశం, మార్చి 10న కొండ ప్రాంతంలోని బాన్ మే థువోట్ ఊరి మీద ఉత్తర వియత్నాం దాడి మొదలైతే ఏప్రిల్ 30కల్లా లేకుండా పోయింది, రెండు నెలలు కూడా పట్టలేదు. ఎలా?

నా మట్టుకు నాకు ఇది అమెరికా చేసిన ద్రోహమే అనిపిస్తుంది. 1973 జనవరి 27న పారిస్ ఒప్పందం అయింది, అమెరికా సైన్యం వెళ్లిపోవాలి, కానీ దక్షిణంలో ఉన్న ఉత్తర వియత్నాం సైనికులు సుమారు లక్షన్నర మంది ఎక్కడి వాళ్లక్కడే ఉండొచ్చు. దక్షిణ వియత్నాం ప్రెసిడెంట్ థియూ దానికి మొదట ఒప్పుకోలేదు, ఉత్తరం వాళ్లు మాట తప్పితే గట్టిగా కొడతామని అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ ఉత్తరాలు రాశాకే దారికొచ్చాడు. తర్వాత ఏమైంది? ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆగస్టు 15 తర్వాత ఇండోచైనాలో బాంబు వెయ్యకూడదంది, వాటర్‌గేట్ కుంభకోణంలో నిక్సన్ 1974 ఆగస్టులో దిగిపోయాడు, అంతకుముందు ఏడాది వంద కోట్ల డాలర్ల పైన ఉన్న మిలిటరీ సాయం 70 కోట్లకి పడిపోయింది. పైగా 1973 ఆయిల్ సంక్షోభంతో పెట్రోల్ రేట్లు ఆకాశానికంటాయి, అంటే ఆ 70 కోట్లకి వచ్చే సరుకు ఇంకా తక్కువ. స్పేర్ పార్టులు లేక హెలికాప్టర్లు మూలన పడ్డాయి, ఫిరంగి గుళ్లకి రేషన్, ఆస్పత్రుల్లో వాడిన బ్యాండేజీలే ఉతికి మళ్లీ కట్టారు. అలాంటి సైన్యాన్ని నిలబడలేదని తప్పుపట్టడం అన్యాయం కదా. మీరేమంటారు?

గోదారి_గట్టు:
రవి గారూ, సాయం తగ్గిందన్నది నిజమే, కాదనట్లేదు. కానీ సైన్యాన్ని కూల్చింది అది కాదండి, 1975 మార్చి 14న కామ్ రాన్‌లో థియూ పెట్టిన ఒక్క మీటింగ్. బాన్ మే థువోట్ పోయింది, సరే, ఒక ఊరు పోయింది. దానికి ఈయన చేసిందేంటంటే అదే కొండ ప్రాంతంలోని ప్లేకు, కొంటుమ్ ఊళ్లు రెండూ ఖాళీ చేసేసి బలగాల్ని సముద్రం వైపు దించెయ్యమని అక్కడి కమాండర్ జనరల్ ఫాం వాన్ ఫూకి చెప్పాడు. అదీ రహస్యంగా. కొండ జాతుల వాళ్లతో నిండిన లోకల్ బలగాలకి చెప్పొద్దు, జిల్లా అధికారులకి చెప్పొద్దు, రెండు రోజుల్లో బయల్దేరాలి.

దారి ఏది? 19వ నంబర్ రోడ్డు, 14, 21, అన్నీ శత్రువు చేతిలో ఉన్నాయి, మిగిలింది 7బి. ఎన్నేళ్ల నుంచో వాడకుండా వదిలేసిన అడవి రోడ్డు, వంతెనలు లేవు. ఉత్తరం కమాండర్ వాన్ టియెన్ డుంగ్ కూడా ఆ రోడ్డు పనికిరాదని తన వాళ్లు చెబితే నమ్మి అక్కడ ఎవర్నీ పెట్టలేదు. ప్లేకు నుంచి తీరంలోని టుయ్ హోవా దాకా సుమారు 200 కిలోమీటర్లు, ఆ రోడ్డు మీద ట్యాంకులు, లారీలు, స్కూటర్లు, వాటి వెనక నడిచొచ్చే ఊళ్లకి ఊళ్లు. చియో రియో దగ్గర అంతా ఇరుక్కుపోయారు, ఉత్తరం వాళ్ల 320వ డివిజన్ వచ్చి పడింది, పైనుంచి సొంత విమానాలే పొరపాటున సొంతవాళ్ల మీద బాంబులేశాయి. బయల్దేరిన సైనికులు అరవై వేలైతే తీరానికి చేరింది ఇరవై వేలు అని ఎక్కువగా చెప్పే లెక్క. రోడ్డెక్కిన మామూలు జనం లక్షన్నర పైనే, వాళ్లలో మూడో వంతు చేరారంటారు. దీనికి వాషింగ్టన్‌లో ఏ చట్టం కారణం చెప్పండి?

నల్లమల_రవి:
అన్నా, థియూ అలాంటి పిచ్చి ఆర్డర్ ఎందుకిచ్చాడు అన్నది కూడా చూడాలిగా. జనవరి 6న ఫువోక్ లాంగ్ ప్రావిన్స్ మొత్తం పోయింది, సైగాన్‌కి ఉత్తరాన, దూరం కూడా కాదు. హనోయి వాళ్లు, అంటే ఉత్తరం ప్రభుత్వం, అమెరికా కదులుతుందా లేదా అని చూసుకోడానికే ఆ దెబ్బ కొట్టారు. ఒక్క అమెరికా బి-52 బాంబర్ విమానం రాలేదు. ఆ రోజే థియూకి అర్థమైపోయింది ఇక ఎవరూ రారని, ఉన్న బలగాలతో దేశం మొత్తం కాపాడలేనని. పైన వదిలేద్దాం, కింద సైగాన్, మెకాంగ్ డెల్టా పట్టుకుందాం అనుకున్నాడు. ఆ ఆలోచన పుట్టిందే సాయం కోత నుంచి.

మాజీ_సుబేదార్:
నేను ఆర్మీలో ఇరవై నాలుగేళ్లు చేసి సుబేదార్‌గా దిగాను. రాజకీయం సంగతి మీరు మాట్లాడుకోండి, నాకు తెలిసిన పని గురించి చెబుతాను.

వెనక్కి తగ్గడం అన్నది దాడి కంటే కష్టం. ఎక్సర్‌సైజ్‌లో ఒక్క కంపెనీని రాత్రి పూట వెనక్కి తియ్యాలంటేనే మాకు ముందు రోజు పగలంతా పనుండేది. రూట్ రెక్కీ చెయ్యాలి, మలుపు మలుపుకీ ట్రాఫిక్ పోస్ట్, ఎవరు ముందు ఎవరు వెనక, రియర్‌గార్డ్ ఎవరు, బండి పాడైతే పక్కకి తోసే రికవరీ వాహనం ఎక్కడ నిలబడాలి. ఇవన్నీ ఉండి కూడా చీకట్లో సగం మంది దారి తప్పేవాళ్లు, తెల్లారాక వెతుక్కోవడమే. అలాంటిది ఒక కోర్ మొత్తాన్ని రెండు రోజుల నోటీసుతో, వంతెన లేని రోడ్డు మీద, కింది వాళ్లకి చెప్పకుండా! చెప్పకపోతే ఏమవుతుంది, పక్క యూనిట్ సామాను లారీకి ఎక్కిస్తుంటే చూసి అర్థం చేసుకుంటారు, ఇక ఎవడి దారి వాడిది. రోడ్డు మీద ఆర్డర్ ఇచ్చేవాడు ఉండడు.

ఇంకో మాట, దీని గురించి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఉత్తరం సైనికుడి పెళ్లాం పిల్లలు వందల కిలోమీటర్ల అవతల వాళ్ల ఊళ్లో ఉన్నారు. దక్షిణం సైనికుడి కుటుంబం క్యాంపు పక్కనే ఉంటుంది, క్యాంపు పడిందంటే ఇల్లు పడినట్టే. దక్షిణం వాళ్ల 23వ డివిజన్ సంగతే చూడండి, వాళ్ల కుటుంబాలు బాన్ మే థువోట్‌లోనే ఉండేవి. ఊరిని తిరిగి పట్టుకోడానికని ఆ డివిజన్ వాళ్లనే ప్లేకు నుంచి హెలికాప్టర్లలో ఆ దగ్గర్లోని ఫువోక్ ఆన్‌లో దింపారు. దిగీ దిగగానే చాలామంది యుద్ధానికి కాదు, కుటుంబాన్ని వెతుక్కోడానికి పోయారు. దాన్ని పిరికితనం అంటే నేనొప్పుకోను. నేనైనా అదే చేసేవాణ్నేమో.

ఎర్రమందారం:
ఇందాకట్నుంచీ చూస్తున్నా, అంతా అమెరికా, థియూ, అమెరికా, థియూ. గెలిచినవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరేం? అడవిలో రోడ్లు వేసుకుని, పెట్రోల్‌కి పైప్‌లైన్ వేసుకుని, ట్రూంగ్ సన్ కొండల మీదుగా ఏళ్ల తరబడి సరుకు మోసింది మనుషులే కదా, వాళ్లు పై నుంచి బాంబులు పడుతుంటే మోశారు. బాన్ మే థువోట్‌ని ఊరికే పట్టుకోలేదు, ప్లేకు దగ్గర వేరే డివిజన్‌ని పెట్టి అసలు డివిజన్లు అక్కడే ఉన్నట్టు రేడియో మెసేజ్‌లు పంపించారు, ఫాం వాన్ ఫూ చివరిదాకా దాడి ప్లేకు మీదే అనుకున్నాడు. ఇది యుద్ధం బాగా తెలిసినవాళ్లు చేసిన పని.

సాయం కోత అని బాధపడుతున్నారు, 1971లో థియూ ఒక్కడే అభ్యర్థిగా ప్రెసిడెంట్ ఎన్నికలు జరిగాయి, పోటీ చెయ్యాల్సిన డువోంగ్ వాన్ మిన్, న్గుయెన్ కావో కీ ఇద్దరూ తప్పుకున్నారు. అలాంటి ప్రభుత్వం కోసం సైనికుడు ఎందుకు చావాలి? కలకత్తాలో కుర్రాళ్లు నీ పేరు నా పేరు వియత్నాం అని అరిచింది ఊరికే కాదు, అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికే హో చి మిన్ పేరు పెట్టారు.

గోదారి_గట్టు:
మందారం గారూ, ఉత్తరం వాళ్ల కష్టం కాదనను, నిజంగానే గొప్ప ప్లానింగ్. కానీ ఒక్క విషయం ఆలోచించండి, హనోయి పొలిట్‌బ్యూరో 1974 డిసెంబర్, 1975 జనవరి మీటింగుల్లో వేసుకున్న ప్లాన్ రెండేళ్లది, 1975లో కొంత, 1976లో చివరి దెబ్బ. అంటే గెలుపు ఇంత త్వరగా వస్తుందని వాళ్లూ అనుకోలేదు. థియూ మార్చి 14 ఆర్డర్ వచ్చాకే వాళ్లు ప్లాన్ మార్చి, ఏప్రిల్‌లోనే ముగిద్దాం, వానలు మొదలవకముందే అన్నారు. నేను చెప్పేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

ఉత్తరం సరిహద్దు వైపున్న హుయే నగరంలో ఇంకా ఘోరం. జనరల్ న్గో క్వాంగ్ ట్రువాంగ్ మంచి కమాండర్, 1972లో ఉత్తరం వాళ్లు దాడి చేస్తే ఆ ఊరిని నిలబెట్టింది ఆయనే. అలాంటాయన చేతిలోంచి ఎయిర్‌బోర్న్ డివిజన్‌ని సైగాన్‌కి లాగేసుకున్నారు, హుయే వదిలెయ్యమన్నారు, తర్వాత పట్టుకోమన్నారు, మార్చి 20న థియూ రేడియోలో హుయేని కాపాడతామని చెప్పిన రోజే మళ్లీ ఇంకో ఆర్డర్. 22కి రోడ్డు తెగిపోయింది, 25కి హుయే పోయింది, 29కి డా నాంగ్ పోయింది. నిక్సన్ తర్వాత ప్రెసిడెంట్ అయిన ఫోర్డ్ 72 కోట్ల డాలర్లు కావాలని కాంగ్రెస్‌ని అడిగింది ఏప్రిల్ 10న, అప్పటికి డా నాంగ్ పోయి పన్నెండు రోజులు. ఆ డబ్బు ఇచ్చుంటే అని వాదించేవాళ్లు ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

శాన్‌హోసే_పద్మ:
నేను శాన్ హోసేలో ఉంటాను, మా ఏరియాలో తెలుగువాళ్లు ఎంతమందో వియత్నాం వాళ్లు అంతకంటే ఎక్కువ. మా పక్కింటాయన, డెబ్బై దాటాయి, సుబేదార్ గారు చెప్పిన ఆ 23వ డివిజన్‌లోనే సెకండ్ లెఫ్టినెంట్. ఏటా ఏప్రిల్ 30న గుమ్మం దగ్గర ఆ పసుపు జెండా, మూడు ఎర్ర గీతలు ఉంటాయే, పాత దక్షిణ వియత్నాం జెండా, అది కడతాడు. మొదటి ఏడాది ఏదో పండగ అనుకుని శుభాకాంక్షలు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, గంజి పెట్టిన బట్టలా బిగుసుకుని నిలబడి తల ఊపాడంతే. వాళ్లావిడ తర్వాత వచ్చి అది మాకు తద్దినం లాంటి రోజమ్మా అన్న అర్థం వచ్చేలా చెప్పింది, నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మందారం గారూ, మీరు ఆ సైనికుడు ఎందుకు చావాలి అన్నారు. వాళ్లలో ఎన్ని లక్షల మంది చనిపోయారో లెక్క చూడండి, అమెరికా వాళ్లు 58 వేల మంది పోతే వీళ్లు దానికి ఎన్నో రెట్లు. ఊరికే పారిపోయే సైన్యం అంతమందిని పోగొట్టుకోదు.

ఎర్రమందారం:
పద్మ గారూ, చనిపోయినవాళ్లని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు, అలా అనిపిస్తే క్షమించండి. నేనన్నది ప్రభుత్వం గురించి.

మాజీ_సుబేదార్:
అమ్మా పద్మా, నువ్వన్నది సబబు. అందుకు సువాన్ లోక్ చూడండి అందరూ. సైగాన్‌కి తూర్పున, ఏప్రిల్ 9 నుంచి 21 దాకా, అప్పటికి సగం దేశం పోయింది, అందరికీ ఓడిపోతున్నామని తెలుసు. అక్కడ జనరల్ లె మిన్ దావో 18వ డివిజన్ మూడు డివిజన్ల దాడిని పన్నెండు రోజులు ఆపింది. అదే సైన్యం, అదే జీతం, అదే కరువు, అదే థియూ. మరి తేడా ఏంటి? దావో లడాయి మొదలవకముందే తన సైనికుల కుటుంబాల్ని లాంగ్ బిన్‌కి పంపించేశాడు. ఫిరంగుల్ని, బంకర్లని ముందే సిద్ధం చేసుకున్నాడు. వెనక ఇల్లు క్షేమం అని తెలిసినవాడు ట్రెంచ్‌లో నిలబడతాడు. ఇది నేను పుస్తకం చూసి కాదు, మనుషుల్ని చూసి చెబుతున్నా. పోస్టింగ్‌లో మా కుర్రాళ్లలో ఎవడింట్లోనైనా వరదొచ్చిందని కబురొస్తే ఆ రోజు వాడికి సెంట్రీ డ్యూటీ వేసేవాణ్ని కాదు.

నల్లమల_రవి:
సుబేదార్ గారూ, ఈ కుటుంబాల సంగతి నేనసలు లెక్కలోకి తీసుకోలేదు, నిజం. కానీ సువాన్ లోక్ నా వైపు కూడా పనికొస్తుందండి. అక్కడ గట్టిగా నిలబడ్డా ఏమైంది, ఉత్తరం వాళ్లు దావ్ జియాయ్ దగ్గర రోడ్డు కోసేసి చుట్టు తిరిగి వెళ్లిపోయారు, దావో వెనక్కి తగ్గాల్సొచ్చింది, ఏప్రిల్ 21న థియూ రాజీనామా చేసి టీవీలో అమెరికాని తిట్టిపోశాడు. 1972లో ఆన్ లోక్‌లో ఇలాగే చుట్టుముడితే బి-52లు వచ్చి కాపాడాయి, అదే సువాన్ లోక్‌లో లేవు. మంచి కమాండర్, మంచి డివిజన్ ఉన్నా ఒంటరిగా ఎన్ని రోజులు ఆగుతుంది?

గోదారి_గట్టు:
ఆన్ లోక్ పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ 7బి రోడ్డు మీద పోయిన కోర్, హుయేలో పోయిన 1వ డివిజన్ ఏప్రిల్‌లో సైగాన్ చుట్టూ ఉండుంటే దావో ఒంటరి అయ్యేవాడు కాదు కదా రవి గారూ. మళ్లీ అక్కడికే వస్తాం.

నల్లమల_రవి:
పద్మ గారూ, వీలైతే ఒకటి అడుగుతారా మీ పక్కింటాయన్ని? సాయం ఆగడమా, ఆ ఆర్డరా, ఆయన దేన్ని తప్పుపడతారు? ఇబ్బంది అనిపిస్తే వద్దు.

శాన్‌హోసే_పద్మ:
అడిగాను. ఆదివారం నిమ్మగడ్డి మొక్క ఇవ్వడానికి గోడ దగ్గరికొస్తే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఫువోక్ ఆన్‌లో హెలికాప్టర్ దిగినప్పుడు తన దగ్గర గుళ్లు నిండుగా ఉన్నాయట, తన ప్లటూన్‌కీ ఉన్నాయట, ఆ రోజుకి తక్కువైంది మందుగుండు కాదట. తక్కువైంది ఊళ్లో భార్య బతికుందో లేదో అన్న కబురు. ముగ్గురు తనని అడిగి వెళ్లారు, మిగతావాళ్లు అడక్కుండా వెళ్లారు. సాయంత్రానికి ఆయనా కాఫీ తోటలో తుపాకీ పడేసి, షర్టు విప్పేసి బనియన్‌తో ఊరి వైపు నడిచాడు. నాలుగో రోజు ఆవిడ దొరికింది, చుట్టాలింట్లో. తర్వాత ఐదేళ్లు గెలిచినవాళ్ల నిర్బంధ క్యాంపులో ఉన్నాడు, 1990ల్లో ఇక్కడికొచ్చారు.

ఆర్డర్ ఎవరిచ్చారో, డబ్బు ఎవరు ఆపారో తనకి చాలా ఏళ్ల దాకా తెలియదన్నాడు. లె మిన్ దావో గురించి సుబేదార్ గారు రాసింది చెప్పాను, సువాన్ లోక్ పేరు వినగానే మొక్క కుండీ కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. దావో పదిహేడేళ్లు జైల్లో ఉన్నాడని ఆయన చెబితేనే నాకు తెలిసింది.