ఉప్పుకు లొంగని నలుపు చింతపండుకు ఎందుకు లొంగింది?

రాగిబిందె:
మా అత్తగారి రాగి బిందె నల్లబడింది. పదో తరగతి చదివే మా అబ్బాయి, "ఆ నలుపు కాపర్ ఆక్సైడ్ అమ్మా. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే నీలాకుపచ్చ కాపర్ క్లోరైడ్‌గా మారి కరిగిపోతుంది. ఉప్పులోనూ క్లోరైడే కదా, ఉప్పునీళ్లు చాలు" అన్నాడు. నమ్మి, గుప్పెడు కల్లుప్పు వేసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి నలుపు నలుపే! చింతపండుతో రుద్దితే రెండు నిమిషాల్లో మెరిసింది. ఎందుకిలా?

సుద్దముక్క:
మీ అబ్బాయి క్లోరైడ్‌ను పట్టుకున్నాడు, అసలు దొంగ వేరు. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. దానిలో క్లోరైడ్ లేదు, అయినా బిందె మెరిసింది కదా! ఆమ్లాలన్నిటి దగ్గరా ఉండేది హైడ్రోజన్ అయాన్ (విద్యుదావేశమున్న పరమాణువు). ఆక్సైడ్ అయాన్‌కు అలాంటివి రెండు దొరికితే నీరవుతుంది, రాగి విడిపోయి ద్రావణంలోకి వస్తుంది.

ఉప్పు దగ్గర ఉన్నది సోడియం. ఆక్సిజన్ రాగిని వదిలి సోడియంతో కలిసిందనుకుందాం. సోడియం ఆక్సైడ్ నీళ్లలో నిలవదు, సోడియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అది, పక్కనే ఏర్పడిన కాపర్ క్లోరైడ్‌తో కలిస్తే నీలి అవక్షేపం (నీళ్లలో కరగక అడుగుకు దిగే పదార్థం) వస్తుంది. దాన్ని వేడిచేస్తే మళ్లీ నల్లటి కాపర్ ఆక్సైడే. ల్యాబులో ఏటా చేయించేవాణ్ణి. అంటే చర్య సహజంగా నడిచే దారి మీరు కోరినదానికి ఎదురు.

రాగిబిందె:
మరి మా అమ్మ చింతపండులో ఉప్పు కలిపి తోమేది. అదంతా వృథాయేనా?

సుద్దముక్క:
కాదమ్మా. కల్లుప్పు గరుకు రుద్దడానికి పనికొస్తుంది. పైగా, ఆమ్లం విడదీసిన రాగిని క్లోరైడ్ పట్టి ద్రావణంలో ఉంచుతుంది. ఆమ్లం లేకుండా మాత్రం ఆ సాయం అందదు.

కొలిమితిత్తి:
మాస్టారూ, మా నాన్న కళాయి వేసేవారు. గిన్నెను కొలిమి మీద బాగా కాల్చి నవాసాగరం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది, నలుపు పోయేది. వెంటనే తగరం రాసి గుడ్డతో తిప్పేవారు. నవాసాగరం కూడా లవణమే కదా?

సుద్దముక్క:
దొరికిపోయాను! నవాసాగరం అమ్మోనియం క్లోరైడ్. వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్‌లుగా విడిపోతుంది. ఆ రెండోదే ఆక్సైడ్‌ను తింటుంది. రెండూ పైన చల్లబడి మళ్లీ కలిస్తే మీరు చూసిన తెల్లటి పొగ. అది పేరుకు లవణం, లోపల హైడ్రోజన్‌ను దాచుకున్న ఆమ్లం. "లోహ ఆక్సైడ్‌లు లవణాలతో చర్య జరపవు" అని ఇన్నేళ్లూ బోర్డు మీద రాయించాను. "కాపర్ ఆక్సైడ్ వంట ఉప్పుతో చర్య జరపదు" అని రాయించాల్సింది.