పోయిన ఏడాది డైరీలో రాసిన ఒక వాక్యం కొట్టేయాలా?

చివరిపేజీ, డిసెంబర్ 27, 2024

పదకొండేళ్లుగా నాకొక అలవాటు. డిసెంబర్ 31 రాత్రి గట్టి అట్ట నోటుబుక్కు తీసి, ఆ ఏడాది గురించి నాలుగు పేజీలు రాసుకుంటాను. లోకంలో ఏం జరిగింది, దేవుడి విషయంలో నేను ఎక్కడున్నాను, ఎక్కడెక్కడ తిరిగాను, మనుషులతో ఎలా ఉన్నాను. రాసే ముందు పోయిన ఏడాది పేజీలు చదువుతాను. ఈసారి నాలుగు రోజుల ముందే తీశాను, చదవలేక మూసేశాను. 2023 చివరి పేజీలో నా చేతిరాతతోనే ఉంది: "తనతో స్నేహం ఇక అలవాటు కొద్దీ నడుస్తోందంతే."

తను అక్టోబర్ 11 తెల్లవారుజామున పోయింది. గుండెపోటు. ఇరవై ఏడేళ్ల స్నేహం మాది.

తను గట్టి భక్తురాలు. నేను ఏ గుడి మెట్లూ ఎక్కను. రాజకీయాల్లోనూ ఇద్దరిదీ చెరో దారి. చాలా ఏళ్లు అది అడ్డు కాలేదు. రాత్రి గొంతు పోయేలా వాదించుకుని, పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసుకునేవాళ్లం. చెడింది 2020 జులైలో, ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాను తిరిగి మసీదు చేసినప్పుడు. 537లో చర్చిగా పూర్తయిన కట్టడం అది. 1453లో మసీదైంది, 1934 నాటి మంత్రివర్గ నిర్ణయంతో మ్యూజియమైంది. మ్యూజియంగా ఉంటేనే అందరిదీ అవుతుందని నేను. ప్రార్థన కోసం కట్టిన చోట ప్రార్థన జరగాలి, అది ఎవరిదైనా సరే అని తను. తనది ఆ మతమూ కాదు, ఈ మతమూ కాదు. అందుకే ఆ మాట నాకు మరీ మింగుడుపడలేదు. "తల మీద గుడ్డ కప్పుకుని ఆ గుమ్మం దాటేది లేదు" అని విసురుగా అనేశాను. ఇద్దరం కలిసి వెళ్దామని ఏళ్ల తరబడి అనుకున్న చోటు అది.

ఈ ఏడాది సరేసరి, ఎక్కడ చూసినా ఎన్నికలే. ఫలితాల రాత్రి తను నిద్రపోయేది కాదు. ఏ దేశమైనా సరే, ఎవరికెన్ని వస్తాయో కాగితం మీద రాసి ఫోటో తీసి పంపేది. మెక్సికో, ఇండియా, బ్రిటన్, ఫ్రాన్స్. జులైలో తను పంపిన ఒక పొడుగాటి మెసేజ్‌కి "ఈ విషయాలు ఇక నాతో మాట్లాడకు" అని కొట్టాను. నెలన్నర పైన ఇద్దరం ఉలుకూ పలుకూ లేము. ఆగస్టులో తనే ఒక ఫోటో పంపింది. హగియా సోఫియా పై గ్యాలరీలో ఉన్న మొజాయిక్, చిన్న చిన్న రంగు ముక్కలు అతికి చేసిన గోడ బొమ్మ. కింద ఒక్క లైను: "దీని ముందు నీతో నిలబడాలే." నేను బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. మా మధ్య ఆఖరిది అదే.

నవంబర్‌లో వెళ్లాను, ఒక్కదాన్నే. తల మీద స్కార్ఫ్ కప్పుకున్నాను. ఆ మొజాయిక్ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మధ్యలో క్రీస్తు, ఒక పక్క డబ్బు సంచి పట్టుకున్న చక్రవర్తి, ఇంకో పక్క జోయీ మహారాణి. జోయీకి మూడు పెళ్లిళ్లయ్యాయి. ముందున్న చక్రవర్తి ముఖం గీకేసి, 1042లో చేసుకున్న మూడో భర్త కాన్‌స్టంటైన్ ముఖం అతికించారు. క్రీస్తు ముఖం, ఆమె ముఖం కూడా మళ్లీ పెట్టినవే. పేరూ మార్చారు. కాన్‌స్టంటైన్ అన్న పేరు ఉన్నచోట అక్షరాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నట్టు ఇరుకుగా ఉన్నాయి. పాత పేరు పొట్టిది కాబోలు. అంత బంగారు మెరుపులోనూ అతుకు కనబడుతూనే ఉంది. నాకు నా నోటుబుక్కు గుర్తొచ్చింది.

గ్యాలరీ అంచు నుంచి చూస్తే కింద కొందరు మోకరిల్లి ఉన్నారు. అంత పెద్ద గోపురం కింద వాళ్లు చాలా చిన్నగా కనబడ్డారు. తను అన్నది దీని గురించేనేమో అనిపించింది. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అంటాను. అనడానికి పక్కన తను ఉండాలి కదా.

ఇంకొకటి కూడా నన్ను తినేస్తోంది. చివరి చూపుకి వెళ్లినప్పుడు వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని "దానికోసం దండం పెట్టు తల్లీ" అంది. పెట్టాను. నమ్మకం లేకుండా పెట్టిన దండం అబద్ధమేనా?

ఆ వాక్యం కొట్టేయనా, ఉంచనా? 31 లోపు తేల్చుకోవాలి. తేల్చుకోకుండా కొత్త పేజీ మొదలుపెట్టలేను.

రెండోవాడు

కటువుగా ఉంటే క్షమించండి. కొట్టేయడం కూడా చాలదు, ఆ పేజీ చింపేయండి.

మా అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే 1994 నాటి డైరీ దొరికింది. అందులో ఒక లైను: "రెండోవాడి మీద నాకు ఆశ లేదు." ఆ రెండోవాణ్ణి నేనే. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు అమ్మ నాకోసం ఎంత చేసిందో నాకు తెలుసు. నేను పరీక్ష రాసొచ్చేదాకా వీధి గుమ్మంలోనే కూర్చునేది. అదంతా ఎక్కడా రాయలేదు. రాసింది మాత్రం ఆ ఒక్కటి. ఏదో కోపంలో రాసుకుందని బుర్రకు తెలుసు. అయినా ఆరేళ్లుగా, ఏ పని చెడినా ఆ చేతిరాతే కళ్ల ముందుకొస్తుంది.

మీ తర్వాత ఆ నోటుబుక్కు ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలీదు. తన పిల్లలుంటే? మీ బాధ మీరు పడండి, కాగితానికి వదిలి వెళ్లకండి.

వేకువదీపం

నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. రోజూ ప్రార్థన చేసుకుంటాను. మీ రెండో ప్రశ్నకే జవాబు చెప్పగలను.

నాతో పనిచేసే ఒకతను యూదుడు. వాళ్ల నాన్న పోయినప్పుడు పరామర్శకి వెళ్లాను. చనిపోయినవారి కోసం వాళ్లు కద్దిష్ అని ఒకటి చదువుతారు. భాష అర్థం కాక, తర్వాత అనువాదం అడిగి చదివాను. చావు అన్న మాట అందులో ఒక్కచోట కూడా లేదు. పోయినవాళ్ల పేరు లేదు, ఏడుపు లేదు. మొదటి నుంచి చివరి దాకా దేవుణ్ణి కీర్తించడమే. నాకు ఆశ్చర్యమేసి అతన్నే అడిగాను. అతను చెప్పింది విని ఇంకా ఆశ్చర్యపోయాను. తనకు దేవుడి మీద నమ్మకం లేదట. అయినా తల్లిదండ్రుల కోసం చదవాల్సిన పదకొండు నెలలూ చదివాడు. ఎందుకంటే, "నాన్నకి అది కావాలి" అన్నాడు.

ఆ పదకొండు నెలలు అతను అబద్ధమాడాడని నేను ఏనాడూ అనుకోలేదు. మీరు దండం పెట్టింది వాళ్లమ్మగారు అడిగారని. ఆవిడ చెయ్యి ఖాళీగా వదల్లేదు మీరు. నమ్మేదాన్నిగా చెబుతున్నా, నేను చేసిన ప్రార్థనల్లో అంత నిజంగా చేసినవి చాలా తక్కువ.

పాతసిరా

చింపొద్దు. రెండోవాడు గారి బాధ చదివాకే చెబుతున్నాను, చింపొద్దు.

పదహారో శతాబ్దపు ఫ్రెంచి రచయిత మొంటేన్‌కి లా బొయెసీ అని ఒక ప్రాణస్నేహితుడు. 1563లో, ముప్పై రెండేళ్లకే పోయాడు. దేశంలో మతం పేరు మీద యుద్ధాలు జరుగుతున్న కాలం. స్నేహం గురించి మొంటేన్ రాసిన వ్యాసం 1580లో అచ్చయింది. అతన్ని ఎందుకంత ప్రేమించావంటే చెప్పలేనని అందులో రాసి వదిలేశాడు. ఆ తర్వాత ఏళ్లలో, అచ్చు పుస్తకం అంచుల్లో చేత్తో కొత్త మాటలు చేర్చుకుంటూ పోయాడు. ఆ మాట పక్కన ఒకసారి "అతను అతను కాబట్టి" అని రాశాడు. మరోసారి, వేరే సిరాతో, "నేను నేను కాబట్టి" అని చేర్చాడు. ఆ ప్రతి ఇప్పటికీ బోర్డో గ్రంథాలయంలో ఉంది. అక్కడ నాకు ముఖ్యమనిపించేది రెండో సిరా. ఆ రెండు ముక్కల మధ్య ఎంత కాలం గడిచిందో, అంతా ఆ అంచులోనే ఉంది.

మీ ప్రయాణం గురించి చదివితే ఇంకొకటి గుర్తొచ్చింది. 1581లో అతను ఇటలీలో తిరుగుతున్నాడు. ఒక పొద్దున ఎవరికో ఉత్తరం రాస్తుంటే లా బొయెసీ గుర్తొచ్చి, చాలాసేపు తేరుకోలేకపోయానని ప్రయాణపు డైరీలో రాసుకున్నాడు. అప్పటికి స్నేహితుడు పోయి పద్దెనిమిదేళ్లు.

మీ నోటుబుక్కుకీ అంచు ఉంటుంది. పక్కన తేదీ వేసి రాయండి.

చివరిపేజీ, డిసెంబర్ 29, 2024

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. రెండోవాడు గారూ, మీ అమ్మగారి లైను చదివి నిన్నంతా ఏ పనీ చేయలేకపోయాను. గుమ్మంలో కూర్చునే ఆవిడ గురించి మీరిక్కడ రాశారు కదా, అది నేను చదివాను. ఇక అది ఎక్కడా రాయలేదని అనకండి.

చింపుదామనే అనుకుని రాత్రి ఆ పేజీ తీశాను. అప్పుడు తెలిసింది, మొన్న ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి కింద ఉన్నది చదవనే లేదని. నాలుగు లైన్ల కింద ఇలా ఉంది: "సాయంత్రం తను ఫోన్ చేసింది. గంటన్నర మాట్లాడాం. ఇస్తాంబుల్ సంగతి మళ్లీ ఎత్తింది. వచ్చే నవంబర్‌లో వెళ్దామంటే సరే అన్నాను."

సరే అన్నానట. నాకు బొత్తిగా గుర్తు లేదు. నవంబర్‌కే టికెట్ ఎందుకు కొన్నానో నాకే తెలియకుండా కొన్నాననుకున్నాను.

పేజీ చింపలేదు. అంచులో తేదీ వేసి ఉంచాను, ఎల్లుండి రాత్రి రాస్తాను. ఆ ఫోన్ సంగతి ఉన్న లైన్ల వరకు ఫోటో తీసి తన కూతురికి పంపాను. పిల్ల వెంటనే జవాబిచ్చింది: "అమ్మ ఫోన్‌లో మీ పేరు 'మొండిది' అని ఉంది పిన్నీ. మార్చబుద్ధి కాలేదు, అలాగే ఉంచాను."